వేలంపాటలో వెండి రూపాయి: బిడ్ పెట్టే ముందు, పార్సిల్ విప్పాక

కాంటా మీద 9.41 అని పడింది. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే 9.41. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం వెండి రూపాయి 11.18 గ్రాముల దగ్గర తూగాలి. అమ్మినతనికి ఫోన్ చేస్తే "పాతది కదా సార్, అరిగిపోయి ఉంటుంది" అన్నాడు. ఆ మాట విని ఒక్క నిమిషం నేనూ నమ్మాను. తర్వాత నాణెం చూస్తే మినార్ల కొసలు సూదుల్లా ఉన్నాయి, ఉర్దూ అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయి. నాణెం అరిగితే ముందు పోయేవి అవే కదా! బొమ్మ చెక్కు చెదరకుండా బరువు మాత్రం దాదాపు రెండు గ్రాములు ఎలా తగ్గుతుంది?

నల్లగొండలో కూర్చుని ఫోన్‌లో వేలం పాడి పాత నాణేలు కొనేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆ 9.41 తర్వాత నేను పాటిస్తున్న పద్ధతి ఇది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. కొన్ని అంకెలు గుర్తుండాలి, ఒక చిన్న కాంటా ఉండాలి, చేతిలో ఒక అసలు నాణెం ఉండాలి.

ముందు ఒక అసలు రూపాయి సంపాదించండి

మొదట కొనాల్సింది అరుదైన నాణెం కాదు, అందరి దగ్గరా దొరికే నాణెం. ఐదో జార్జి బొమ్మతో 1914 నుంచి 1919 దాకా వచ్చిన రూపాయలు లెక్కలేనన్ని. మా నాయనమ్మ పెట్టెలో పసుపు గుడ్డలో చుట్టి 1917ది ఒకటి ఉండేది. ఆమె దాన్ని రూపాయి అనేది కాదు, "తులం బిళ్ళ" అనేది. ఆమె మాటలో తప్పు లేదు. ఒక రూపాయి బరువే ఒక తులం, అంటే 11.66 గ్రాములు. నిజాం హాలీ సిక్కా నుంచి వేరుగా చెప్పడానికి మన పెద్దవాళ్ళు ఈ ఇంగ్లీషు రూపాయిని కల్దార్ అనేవాళ్ళు.

మీ ఇంట్లో అడగండి. అటక మీది పెట్టెలోనో, దేవుడి అరలోనో ఒకటి దొరకవచ్చు. లేకపోతే ఊళ్ళో నమ్మకమైన వెండి దుకాణంలో, అవుసలాయన చేత పరీక్ష చేయించి వెండి ధరకు కాస్త అటూ ఇటూగా ఒకటి కొనండి. దొరికిందే చాలని చింతపండు పెట్టి తోమకండి. తళతళలాడుతుంది నిజమే, కానీ నాణేలు కొనేవాళ్ళ దృష్టిలో దాని విలువ అక్కడితో సగం పోతుంది.

ఆ రూపాయిని రోజూ కాసేపు చేతిలోకి తీసుకోండి. అంచు మీది గాట్లు గోటితో తడమండి. వేలి కొన మీద నిలబెట్టి పెన్నుతో మెల్లగా తట్టండి. సన్నగా, పొడుగ్గా సాగే ఆ మోత చెవికి అలవాటైతే సగం పని అయినట్టే. పూర్వం దుకాణదారులు రూపాయిని బండ మీద వేసి ఖంగుమంటేనే గల్లాలో వేసుకునేవాళ్ళు. మీరు మాత్రం బండకేసి కొట్టకండి.

అంకెలు రాసి పెట్టుకోండి

నా ఫోన్‌లో ఒక నోట్ ఉంది. వేలంలో ఏది చూసినా ముందు అది తెరుస్తాను.

- 1835 నుంచి 1939 దాకా వచ్చిన ఈస్టిండియా కంపెనీ, బ్రిటిష్ రూపాయి: 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అంటే అసలు వెండి 10.69 గ్రాములు.
- అర్ధ రూపాయి 5.83, పావలా 2.92, బేడ 1.46 గ్రాములు.
- ఆరో జార్జి 1940 నుంచి 1945 దాకా: బరువు అదే 11.66, వెండి మాత్రం 50 శాతమే. అంచు మధ్యలో ఒక గాడి ఉంటుంది.
- 1947 రూపాయి: వెండి కాదు, నికెల్. అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది.
- నిజాం చార్మినార్ రూపాయి: 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అసలు వెండి 9.14 గ్రాములు.
- 1969 గాంధీ పది రూపాయలు: 15 గ్రాములు, వెండి 80 శాతం.

బాగా చేతులు మారిన కల్దార్ 11.4కో, 11.3కో దిగుతుంది. బొమ్మ కొత్తగా ఉండి 10.8 తూగితే దాన్ని ముట్టుకోవద్దు.

ఈ అంకెలతో ఇంకో ఉపయోగం ఉంది. ఆ రోజు గ్రాము వెండి ధరను 10.69తో గుణించండి. వేలం ముగిసే ధర అంతకన్నా బాగా కింద ఉంటే ఆలోచించండి. వెండి రేటు తెలియని అమ్మకందారు ఈ రోజుల్లో ఎక్కడున్నాడు? కరిగించి అమ్ముకున్నా ఎక్కువ వచ్చేదాన్ని మీకు చవగ్గా ఎందుకిస్తాడు?

సంవత్సరం చూస్తేనే కొన్ని దొంగ నాణేలు దొరికిపోతాయి

ఇది పైసా ఖర్చు లేని పరీక్ష. నాకు చాలా ఇష్టమైనది కూడా. టంకశాల అచ్చు వేయని సంవత్సరం నాణెం మీద ఉందంటే, ఇక కాంటా తీయాల్సిన పనే లేదు.

కంపెనీ రూపాయలు రెండే సంవత్సరాలతో ఉంటాయి: నాలుగో విలియం బొమ్మతో 1835, విక్టోరియా బొమ్మతో 1840. తర్వాత ఎన్నేళ్ళు ముద్రించినా వాటి మీద అదే సంవత్సరం ఉంచారు. కాబట్టి 1836, 1850, 1857 అని వేసిన కంపెనీ రూపాయి అంటూ ఏదీ లేదు. "1857 తిరుగుబాటు నాటి రూపాయి" అని ఊరించే ప్రకటనలు మాత్రం బోలెడు. ఆ తర్వాత 1862 సంవత్సరం కూడా 1873 దాకా అలాగే కొనసాగింది. 1874 నుంచి 1901 దాకా ఏ ఏటికి ఆ ఏడు. ఏడో ఎడ్వర్డు 1903 నుంచి 1910. ఐదో జార్జి 1911 నుంచి 1922. అక్కడి నుంచి పెద్ద ఖాళీ, 1938లో ఆరో జార్జి వచ్చేదాకా రూపాయి లేదు. 1930 అని ఉన్న వెండి రూపాయి కనబడితే నవ్వుకుని పక్కకు జరగండి.

దీనిలోనే ఒక గమ్మత్తు 1911ది. ఐదో జార్జి అంగీ మీద ఏనుగు బొమ్మ ఉంటుంది. మొదటి ఏడు చెక్కిన ఏనుగుకు తొండం, కాళ్ళు పొట్టిగా ఉండి పందిలా కనిపించిందని గొడవ లేచింది. ప్రభుత్వం చాలా మటుకు వెనక్కి తీసుకుని కరిగించేసింది. 1912 నుంచి ఏనుగును సరిదిద్దారు. అందుకే 1911కి గిరాకీ ఎక్కువ. మోసగాళ్ళు ఏం చేస్తారంటే, చవగ్గా దొరికే 1912ని తెచ్చి చివరి 2ని గీకి 1 చేస్తారు. అంకెను మార్చగలరు, ఏనుగును మార్చలేరు కదా! ఫొటోను పెద్దది చేసి రాజు ఛాతీ మీదికి వెళ్ళండి. సంవత్సరం 1911 అయి, ఏనుగు తొండం చక్కగా కిందికి వేలాడుతుంటే అది దిద్దిన నాణెం. 1939 రూపాయి కూడా ఇలాంటిదే. చాలా అరుదు, కాబట్టి చాలా నకిలీలు. 1938లో 8ని 9గా దిద్దినవీ ఉంటాయి. అది కొనాలని ఉంటే చివరి అంకె చుట్టూ గీతలున్నాయేమో, ఆ చోట నేల మిగతా చోట కన్నా పల్లంగా ఉందేమో చూడండి. నా మట్టుకు నేను 1939ని ఆన్‌లైన్‌లో కొననే కొనను.

నిజాం నాణేలకు ఉర్దూ చదివే స్నేహితుడు కావాలి

మన దగ్గర అది కష్టం కాదు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా వీధికొకరు దొరుకుతారు. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయలు 1903 ప్రాంతంలో, అంటే ముస్లిం క్యాలెండర్ అయిన హిజ్రీ లెక్కలో 1321 దగ్గర మొదలయ్యాయి. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్, మహబూబ్‌నగర్‌కు పేరు వచ్చింది ఆయన నుంచే. ఆయన నాణేల మీద చార్మినార్ మధ్య కమానులో మీమ్ అక్షరం ఉంటుంది. తర్వాత వచ్చిన ఉస్మాన్ అలీ ఖాన్ నాణేల మీద అదే చోట ఐన్ అక్షరం ఉంటుంది. గద్దె మారింది 1911లో, హిజ్రీ 1329. కాబట్టి కమానులో మీమ్ ఉండి సంవత్సరం 1340 అని ఉంటే, రెండు వేర్వేరు నాణేల అచ్చులు కలిపి పోసినట్టు.

నాణెం మీద హిజ్రీ సంవత్సరంతో పాటు పాలన ఎన్నో ఏడో కూడా ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ నాణెమైతే హిజ్రీ సంవత్సరంలోంచి 1329 తీసేయండి. వచ్చిన అంకె పాలన ఏడుకు దగ్గరగా ఉండాలి, ఒకటి రెండు తేడా ఫరవాలేదు. అంకెలు మీరే నేర్చుకోవచ్చు: నిలువు గీత 1, చుక్క 0, ఇంగ్లీషు V ఆకారంలా పైకి తెరుచుకున్నది 7, దాన్ని బోర్లిస్తే 8. ఒక సాయంత్రం పని.

అసలు నాణేలను కళ్ళారా చూడాలంటే హైదరాబాద్ సైఫాబాద్‌లోని పాత టంకశాలకు వెళ్ళండి. నిజాం కాలపు కట్టడమే, 2022లో మ్యూజియంగా తెరిచారు. ఫొటోలో వంద చూసినదానికన్నా అక్కడ గంటసేపు చూసింది నాకు ఎక్కువ పనికొచ్చింది.

చార్మినార్ బొమ్మకు ముందు సమ్మెటతో కొట్టి చేసిన నాణేలున్నాయి. గద్వాల, వనపర్తి, నారాయణపేట పేర్లతో కూడా వేలంలో వస్తుంటాయి. మన సంస్థానాల నాణేలు అనగానే గుండె లాగుతుంది, నాకు తెలుసు. కానీ చేత్తో కొట్టిన నాణెం ఏ రెండూ ఒకలా ఉండవు, అచ్చు సగమే పడి ఉంటుంది, అంచు వంకరగా ఉంటుంది. ఇన్ని తేడాల మధ్య నకిలీ సులువుగా దాక్కుంటుంది. మొదటి రెండేళ్ళు వాటి జోలికి పోకండి.

ఫొటోలు ఎలా చూడాలి

ముందు ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేయండి. అదే గీత, అదే మరకతో నాణెం ఇంకో మూడు చోట్ల కనబడితే రెంటిలో ఒకటి అని లెక్క: ఫొటో అయినా దొంగిలించారు, నాణేలైనా ఒకే మూసలో పోశారు. ఈ రెండోది గట్టిగా గుర్తుంచుకోండి. అసలు నాణెం నుంచి మూస తీస్తే దాని మీద ఉన్న దెబ్బ కూడా ప్రతి నకలుకూ వస్తుంది. రాజు చెవి కింద ఒకే గాటు ఉన్న రూపాయలు రెండు కనిపించాయంటే రెండూ అనుమానమే.

పోత పోసిన నాణేనికి అక్షరాలు సబ్బు బిళ్ళ మీది అక్షరాల్లా మెత్తగా ఉంటాయి. ఖాళీ జాగాలో సన్నని గుంటలు, పొక్కులు కనిపిస్తాయి. పూత పూసినదైతే ఎత్తుగా ఉన్న చోట్ల, అంటే రాజు చెంప, గడ్డం, కిరీటం మీద ఎరుపో పసుపో తొంగి చూస్తుంది. నల్లదనం సంగతి: ఏళ్ళ తరబడి పట్టిన నలుపు అక్షరాల సందుల్లో ముదురుగా, ఎత్తు మీద పలచగా ఉంటుంది. మందు పూసి తెచ్చిన నలుపు అంతటా ఒకేలా ఉంటుంది.

ఇంకో రకం ఉంది. నాణెం అసలుదే, నగగా వాడినది. దేవరకొండ వైపు తండాల్లో రూపాయలకు కొక్కేలు అతికించి, బెజ్జాలు వేసి హారాలు, దండలు చేసుకోవడం ఎప్పటి నుంచో ఉంది. ఆ కొక్కెం తీసేసి, బెజ్జం పూడ్చి, మెరుగు పెట్టి "ఏ వన్ కండిషన్" అని అమ్ముతారు. వెండి విలువకు ఢోకా లేదు, నాణెం విలువ మాత్రం పోయినట్టే. పన్నెండు గంటల చోటు దగ్గర అంచు చూడండి, అక్కడ గాట్లు నున్నగా కరిగిపోయి ఉంటాయి. ఆ చోటు మీద వెలుగు పడి తెల్లగా మెరిసే ఫొటో పెట్టారంటే అది అనుకోకుండా జరిగింది కాదు.

అమ్మేవాడిని మూడు అడగండి

కాంటా మీద నాణెం పెట్టి తీసిన ఫొటో. అంచు ఫొటో. నాణేన్ని తిప్పుతూ పది సెకన్ల వీడియో. అసలు సరుకున్నవాడికి ఇది ఐదు నిమిషాల పని, పంపిస్తాడు. "ఇష్టమైతే కొనండి, లేకపోతే లేదు" అన్నవాడి దగ్గర లేదనుకోవడమే మంచిది.

ప్రకటనలో రాసిన మాటలు కూడా చదవండి. టోకెన్, ఫ్యాన్సీ, రెప్లికా అన్న మాట ఎక్కడో చివర చిన్నగా ఉంటుంది. "ఫొటోలో ఉన్నది ఉన్నట్టే, వాపసు లేదు" అంటే తర్వాత అడగడానికి మీకు నోరుండదు. నాణేన్ని పరీక్షించి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి ఇచ్చే ఎన్‌జీసీ, పీసీజీఎస్ సంస్థల డబ్బాలో ఉన్న నాణెమైతే దాని మీది నంబరును ఆ సంస్థల వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోతో పోల్చండి. డబ్బాలకూ నకిలీలున్నాయి.

"పొలం దున్నుతుంటే లంకెబిందె దొరికింది" అనేవాడి దగ్గరైతే అస్సలు ఆగకండి. చాలావరకు అది కట్టుకథ. నిజమైతే ఇంకా ప్రమాదం. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు చెప్పాలి. 2024లో ఫణిగిరి తవ్వకాల్లో కుండ నిండా 3,730 ఇక్ష్వాకుల నాణేలు దొరికాయి. అవి సీసపువి, పురావస్తు శాఖ వాళ్ళే తీశారు, వాళ్ళ దగ్గరే ఉన్నాయి. "ఫణిగిరి వెండి నాణెం" అని ఎవరైనా అమ్మజూపితే ఇది గుర్తు చేసుకోండి.

రాముడి పట్టాభిషేకం, హనుమంతుడి బొమ్మతో 1616, 1717, 1818 అని వేసిన "ఈస్టిండియా కంపెనీ" బిళ్ళల గురించి ఒక్క మాటలో చెప్తాను: అవి ఎప్పుడూ చెలామణిలో ఉన్నవి కావు. వాటికి బియ్యాన్ని లాగే శక్తి ఉందని రైస్ పుల్లింగ్ పేరుతో లక్షలు పోగొట్టుకున్నవాళ్ళ వార్తలు మన పేపర్లలో చూస్తూనే ఉన్నాం. అలాగే "మీ పాత నాణెం రిజర్వ్ బ్యాంకు లక్షలకు కొంటుంది, ముందు ఫీజు కట్టండి" అనేది. అలాంటి లావాదేవీలు తాము చేయమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో చెప్పింది.

బిడ్ పెట్టేటప్పుడు

అదే రకం నాణెం గతంలో ఎంతకు అమ్ముడుపోయిందో చూసి, వేలం సంస్థ కమిషన్, జీఎస్టీ, పోస్టు ఖర్చు కలుపుకుని ఒక పై ధర కాగితం మీద రాయండి. ఆఖరి రెండు నిమిషాల్లో చేతులు వణుకుతాయి, టెన్షన్‌లో ఇంకో రెండొందలే కదా అనిపిస్తుంది. కాగితం వైపు చూడండి. డబ్బు వేలం సైటు ద్వారానే కట్టండి. "బయట యూపీఐ చేస్తే తగ్గించి ఇస్తా" అన్నవాడికి చేశారంటే ఆ తర్వాత మీ గోడు వినేవాడుండడు.

పార్సిల్ వచ్చాక

కత్తెర పట్టుకునే ముందు ఫోన్ కెమెరా ఆన్ చేయండి. సీలు, చిరునామా కనిపించేలా మొదలుపెట్టి, విప్పి, నాణెం కాంటా మీద పెట్టి అంకె కనిపించేదాకా ఒకే వీడియోగా తీయండి. మధ్యలో ఆపకండి. 0.01 గ్రాము దాకా చూపే జేబు కాంటా చాలు.

తర్వాత నీళ్ళ పరీక్ష. నాణేనికి ఏ హానీ చేయని ఈ పరీక్ష నిమిషంలో అబద్ధాన్ని బయటపెడుతుంది. చిన్న ప్లాస్టిక్ గ్లాసులో సగం నీళ్ళు పోసి కాంటా మీద పెట్టి, అంకెను సున్నాకు తేండి. నాణేనికి సన్నని దారం కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా వేలాడదీయండి. బుడగలు అంటుకుంటే కొంచెం కదపండి. ఇప్పుడు కాంటా ఒక అంకె చూపిస్తుంది. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే దాని సాంద్రత వస్తుంది.

మా నాయనమ్మ 1917 రూపాయికి నీళ్ళలో 1.13 వచ్చింది. 11.66ను 1.13తో భాగిస్తే 10.3. ఆ వెండికి రావాల్సింది అంతే. నిజాం రూపాయికి 1.10 దగ్గర రావాలి, భాగిస్తే 10.2 దరిదాపు. 1940 తర్వాతి సగం వెండి రూపాయికి 1.22, అంటే 9.6 దరిదాపు. అదే బరువున్న జర్మన్ సిల్వర్ బిళ్ళకైతే 1.36 వస్తుంది, భాగిస్తే 8.6. జర్మన్ సిల్వర్‌లో వెండి ఒక్క పిసరు కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు అంతే. నా 9.41 బిళ్ళకు 1.09 వచ్చింది. భాగించి చూసుకున్నాక చేసేదేముంది, వెళ్ళి టీ పెట్టుకున్నాను.

అసలు వెండి మీదే దొంగ అచ్చు వేస్తే ఈ పరీక్ష పట్టుకోలేదు. ఖరీదైన నాణేలకు అది జరుగుతుంది. అక్కడ సంవత్సరం, ఏనుగు, అక్షరాల పదును, పక్కన పెట్టిన అసలు నాణెం, ఇవే దిక్కు. అయస్కాంతం సంగతికొస్తే, అతుక్కుంటే వెండి కాదని తేలుతుంది. అతుక్కోనంత మాత్రాన వెండి అని కాదు, జర్మన్ సిల్వర్ కూడా అతుక్కోదు.

పెద్ద నగల దుకాణాల్లో క్యారెట్ మీటర్ ఉంటుంది. కొద్ది డబ్బులకు లోహాల శాతం కాగితం మీద ఇస్తారు, నాణేనికి గీత పడదు. కానీ అది పై పొరనే చదువుతుంది. పూత మందంగా ఉంటే మోసపోతుంది, కాబట్టి నీళ్ళ లెక్కతో కలిపి చూడండి. గీటురాయి, యాసిడ్ మాత్రం వద్దనండి. అవుసలాయన అలవాటుగా రాయి తీస్తాడు, చేయి పట్టుకుని ఆపండి.

నకిలీ అని తేలితే

అదే రోజు సైటులో వాపసు కోరండి. వీడియో, కాంటా ఫొటో, రావాల్సిన బరువు మూడూ జత చేయండి. ఫోన్‌లో వాదించకండి, రాతలోనే మాట్లాడండి. స్పందన లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బయట డబ్బు పంపి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఆ నాణేన్ని ఇంకొకరికి అంటగట్టాలని మాత్రం చూడకండి.

వీడియో ఉంది కాబట్టి నా డబ్బు వెనక్కి వచ్చింది, పోస్టు ఖర్చు నా నెత్తిన పడింది. బిళ్ళ తిప్పి పంపాను. మూడు వారాల తర్వాత అదే ఫొటో, అదే మినార్లు మళ్ళీ వేలంలో కనిపించాయి. ఈసారి కింద ఒక వాక్యం కొత్తగా చేర్చాడు: "బాగా వాడిన నాణెం, బరువు కొద్దిగా తక్కువ."